రేపటమ్మ 'ఇవాళే' అన్న రోజు

కోర్టులో డిపాజిట్ల గది గుమాస్తాకు తల్లిదండ్రులు పెట్టిన పేరు జీతం కాగితాల్లోనే మిగిలిపోయింది. కోర్టుకు వచ్చేవాళ్లందరికీ ఆమె రేపటమ్మ. కిటికీ అవతల నిలబడ్డవాళ్లకు "రేపు రండి" అని చెప్పీ చెప్పీ సంపాదించుకున్న బిరుదది. అది ఇంటిదాకా పాకింది. "భోజనం ఇవాళేనా, రేపు రమ్మంటావా?" అని భర్త కంచం ముందు కూర్చుని ఆటపట్టిస్తే అత్తగారు అటు తిరిగి నవ్వేది. రేపటమ్మకు మాత్రం ఒళ్లు మండేది.

నిజానికి తప్పు ఆమెది కాదు. కేసు తేలేదాకా సొమ్ము కోర్టు దగ్గరే ఉంటుంది. గెలిచినవాళ్ల చేతికి అది రావాలంటే అర్జీ పెట్టాలి, ఉత్తర్వు రావాలి, చెక్కు రాయాలి, దాని మీద సంతకం పడాలి. సంతకం పెట్టేవారు సెలవులో ఉంటే చెక్కు బీరువాలో పడుకుంటుంది. గడువు దాటితే కథ మళ్లీ మొదటికి. పాపం, ఆమె చేతిలో ఉన్నవి ఆ రెండు మాటలే.

అందుకే చెక్కులు పోయి, సొమ్ము నేరుగా బ్యాంకు ఖాతాలో పడే పద్ధతి వస్తోందనగానే గదిలో అందరూ తలలు పట్టుకుంటే ఆమె ఒక్కతే కొంగు బిగించింది. శిక్షణలో అడిగిందే అడిగి నేర్పేవాడి ప్రాణం తోడేసింది. మొదటి చెల్లింపు ఎవరిదో కూడా మనసులో అనుకుంది. కుట్టుపని ఆవిడది.

రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆవిడ కొట్టు పోయింది. పరిహారం కోర్టులో జమ అయి, అప్పీళ్లలో చిక్కుకుంది. ఇన్నేళ్లూ కిటికీ దగ్గరికి వస్తూనే ఉంది, ఒక్కసారీ గొంతు పెంచలేదు. రేపటమ్మను బాధపెట్టింది అదే. కొత్త పద్ధతి మొదలయ్యాక, చివరికి ఉత్తర్వు వచ్చిన రోజు ఆవిడ ఆయాసపడుతూ వచ్చింది.

"అక్కా, బజార్లో గది దొరికింది. సాయంత్రంలోగా అడ్వాన్సు ఇస్తే నాది. లేకపోతే చెప్పులకొట్టాయనకు ఇచ్చేస్తారట."

"కూర్చో. ఇవాళే వెళ్తుంది," అంది రేపటమ్మ. ఆ మాట తన నోట వింటుంటే తనకే ముద్దొచ్చింది.

వివరాలు నింపి తన వంతు ఆమోదం ఇచ్చింది. ఇక సూపరింటెండెంటు తన బల్ల మీది కంప్యూటర్లోనో, ఫోన్లోనో రహస్య సంఖ్య కొట్టి సరే అనాలి. చూస్తే ఆయన కుర్చీ ఖాళీ. ఫోన్ చేసింది.

"నాకా ఫోన్లో ఎక్కడ నొక్కాలో తెలిస్తేగా! నా నంబరు చెప్తా, నువ్వే కానిచ్చెయ్ అమ్మాయ్. బీరువా తాళం నీ చేతికిచ్చి వెళ్లేవాణ్ణి కాదూ?"

రేపటమ్మ బల్ల అవతల చూసింది. కుట్టుపని ఆవిడ గోడ గడియారం వంకే చూస్తోంది. నంబరు వింటే క్షణంలో పని అయిపోతుంది. కానీ ఇద్దరి పని ఒక్కరే చేశారని రేపెవరైనా పట్టుకుంటే ఈ సొమ్ము విచారణలో ఇరుక్కుంటుంది. మళ్లీ కిటికీ, మళ్లీ ఆ రెండు మాటలు.

"చెప్పకండి సార్! ఎక్కడున్నారు?"

"ఎదురుగా సెలూన్లో. సగం గడ్డం అయింది."

"మిగతా సగం ఆగుతుంది," అంటూ ఆమె రోడ్డు దాటింది. నురగ ముఖంతో ఉన్న పెద్దాయన ఫోన్లో ఎక్కడ నొక్కాలో వేలితో చూపించింది. ఆయన నంబరు కొట్టేటప్పుడు మాత్రం అటు తిరిగి నిలబడింది. "మా ఆవిడ కూడా ఇంత సతాయించదు," అన్నాడాయన.

తిరిగి గదిలో అడుగుపెట్టేసరికి కుట్టుపని ఆవిడ ఫోను రెండు చేతులతో పట్టుకుని ఏడుస్తోంది. "పడ్డాయక్కా!" రేపటమ్మకూ ఏడుపొచ్చింది. "నన్ను చూస్తూ కూర్చుంటావేం, ముందు అడ్వాన్సు ఇచ్చి రా," అని కసిరి పంపించింది.

కొన్నాళ్లకు కూతురి గౌను కోసం గుడ్డ తీసుకుని ఆ కొత్త కొట్టుకు వెళ్లింది. మిషను మీద నుంచి తలెత్తకుండానే కొలతలు రాసుకుంది కుట్టుపని ఆవిడ.

"ఎప్పుడిస్తావే?"

"రేపు రండక్కా."

రేపటమ్మ కొట్టు గడప మీదే కూలబడి, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. మర్నాడు వెళ్లింది. గౌను ఇంకా కాలేదు.