సిస్టర్ గారు బోర్డు మీద గీసిన ఊరు

మన తెనాలి కాన్వెంట్ బ్యాచ్‌లో ఎవరికైనా ఐర్లండ్ సిస్టర్ గారు గుర్తున్నారా?

భూకంపం తర్వాత ఇంకా కడుతూనే ఉన్న, మేం ఇప్పుడుంటున్న ఈ క్రైస్ట్‌చర్చ్ నగరంలో, పాత సామాన్ల షాపులో ఇవాళ ఒక ఐరిష్ ఊరి ఫొటో చూశాను. రాతి వంతెన, పక్కనే గుండ్రటి బురుజు. ఒక్కసారిగా సుద్దముక్క వాసన తగిలినట్టయింది.

శుక్రవారం ఆఖరి పీరియడ్‌లో ఆవిడ తన చిన్న ఊరిని బోర్డు మీద గీసేవారు. సన్యాసులు ఎప్పుడో కట్టిన బురుజు, గొర్రెల సంత, వాళ్ల నాన్నగారి రొట్టెల కొట్టు. పరీక్షలో వస్తుందని మనం అంతా బట్టీ పట్టాం. "ఇది పరీక్షకి కాదమ్మా" అంటూనే, మళ్లీ అప్పజెప్పించుకునేవారు.

ఇంటికొచ్చి మా పాపకి కాగితం మీద తెనాలి గీశాను. కాలవలు, సినిమా హాలు, మన కాన్వెంట్ గేటు.

"ఈజ్ దిస్ ఫర్ స్కూల్, అమ్మా?"

"కాదు నాన్నా."

మళ్లీ ఫోన్ చూసుకుంది.

సిస్టర్ గారి ఊరు వినడానికి మనం నలభై మందిమి ఉండేవాళ్లం.