ఫ్రీవీల్ చాటున తెగిన స్పోకు

పద్దెనిమిదేళ్లుగా ఆ సైకిల్ షాపులో చక్రాల పనంతా ఆమెదే. కానీ వెనక గదిలోనే చేయాలి. "ఆడమనిషి చక్రం బెండు తీసిందంటే జనం జడుస్తారు వదినా" అని మరిది అన్న రోజే స్టూలు లోపలికి జరుపుకుంది. మెచ్చుకోళ్లన్నీ ముందు కూర్చున్న అతనికే.

ఆ ఉదయం బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని చేసే అమ్మాయి పాత సైకిల్ నడిపించుకుంటూ వచ్చింది. వెనక చక్రం వంకర్లు తిరుగుతోంది.

"ఎనిమిదికి గేటు మూసేస్తారన్నా. ఈ నెల రెండుసార్లు ఆలస్యమైంది. మూడోసారైతే రావద్దన్నారు."

అప్పటికే ఏడుంబావు. లోపలికి ఇవ్వకుండా మరిది తనే, విరిగి వేలాడుతున్న రెండు స్పోకులు మార్చి, "ఇక ఎగిరిపో" అన్నాడు.

గుమ్మంలోంచి చూస్తున్న ఆమెకు రిమ్ము ఒకచోట ఇంకా బ్రేకు రబ్బరును రాయడం కనిపించింది. బయటికొచ్చి చక్రం పక్కన కూర్చుంది. స్పోకుల్ని జతలు జతలుగా వేళ్లతో నొక్కుతూ పోయింది. అన్నీ బిగువుగానే ఉన్నాయి. ఒకటి మాత్రం మెత్తగా లొంగింది. చూపుకి నిక్షేపంగానే ఉంది గానీ గొలుసు పట్టే పళ్ల చక్రం ఫ్రీవీల్ చాటున, చక్రం నడిమి హబ్బు దగ్గరి వంపులో తెగిపోయింది.

"అది మార్చాలంటే ఫ్రీవీల్ ఊడాలి. ఆ తుప్పుకి ఈ జన్మలో ఊడదు. సాయంత్రం చూద్దాంలే వదినా."

"ఫ్యాక్టరీ దారిలో వంతెన దిగేటప్పుడు ఇంకో నాలుగు తెగితే? నువ్వు మోసుకెళ్తావా?"

"నా నడుమే నన్ను మోయట్లేదు."

"అక్కా, ఏదో ఒకటి చెయ్యి. నడిస్తే అందుకోలేను" అంది అమ్మాయి. ఏడున్నర దాటింది.

ఆమె పొడవాటి స్పోకు తీసి తల కత్తిరించింది. కొసను పట్టకారుతో కొక్కెంలా వంచి, ఫ్రీవీల్ వెనక సందులోంచి హబ్బు రంధ్రంలోకి దూర్చింది. జారిపోయింది. వంపు ఇంకాస్త పెంచి మళ్లీ దూర్చింది. పట్టింది. రెండో కొసను రిమ్ముకి బిగించి, అటు పావు తిప్పు, ఇటు పావు తిప్పు సరిచేసింది. రబ్బరు రాయడం ఆగింది. ఏడూ నలభై రెండు.

"నిలుస్తుందా అక్కా?"

"ఇవాళ్టికి నిలుస్తుంది. వెనక ఎవర్నీ ఎక్కించుకోకు. సాయంత్రం తెస్తే నిదానంగా ఫ్రీవీల్ ఊడదీస్తా."

ఇంకో మూడు నిమిషాల్లో గేటు మూస్తారనగా ఆ అమ్మాయి లోపలికెళ్లింది. సాయంత్రం తిరిగొచ్చి మరిదితో అంది: "చక్రం అక్కకే ఇవ్వన్నా."

మీరూ అలాగే అడగండి. చక్రం ఎవరు సరిచేశారో కనుక్కోండి, ఆమె లోపలుంటే బయటికి పిలిపించండి, లోపమేమిటో ఆమె నోటితోనే చెప్పించుకోండి. నిమిషాల లెక్కన మనుషుల్ని పనిలోంచి తీసేసే గేటు మీ దారిలో ఉంటే, అక్కడ కూడా ఆగి నిలదీయండి.