సీడీ ఇచ్చేయండి సార్, అన్నాను టేబుల్ మీద

ఆ రోజు తెలంగాణ బంద్. ఆటోల్లేవు, బస్సుల్లేవు. నేను లేకపోతే ప్రాజెక్టు ఆగిపోతుందన్నట్టు కొండాపూర్ నుంచి హైటెక్ సిటీలోని ఆఫీసుకి నడిచే బయల్దేరాను. సగం దూరంలో ఛాతీ మధ్యలో పట్టేసింది, దవడ లాగింది. గ్యాస్ అనుకున్నాను. అందరం అనుకునేది అదేగా! ఆఫీసు గేటు దగ్గర మా టీమ్‌లోని యాదగిరి చూశాడు.

"ఏంది సార్, గిట్ల చెమటలు? దవాఖానకు పోదాం, ఎక్కుండ్రి. బండికి తెలంగాణ జెండా ఉంది, మనల్నెవరూ ఆపరు."

ఎవరూ ఆపలేదు. ఈసీజీలో తేడా ఉందని అడ్మిట్ చేశారు, మర్నాడు ఉదయమే యాంజియోగ్రామ్ అన్నారు. లోపలికి వెళ్తే స్టెంట్ వేయకుండా వదలరని ఆఫీసులో చాలామంది చెప్పగా విన్నాను. అందుకని మా ఆవిడ పద్మకి గట్టిగా చెప్పాను. "యాంజియోగ్రామ్ సీడీ తీసుకుని ముగ్గురు డాక్టర్లకి చూపిద్దాం. స్టెంట్ అంటే మాత్రం ఒప్పుకోకు."

యాంజియోగ్రామ్ టేబుల్ మీద మెలకువగానే ఉంటాం. రక్తనాళాలు కనబడేందుకు ఎక్కించే డై లోపలికి వెళ్లగానే స్క్రీన్ మీద నా గుండె నాకే కనిపించింది! భయం మరిచిపోయి చూస్తూ ఉండిపోయాను.

"ఇది ఎల్ఏడీ, ముఖ్యమైన రక్తనాళం. మొదట్లోనే దాదాపు మూసుకుపోయింది. దీన్ని ఇలా వదిలి మిమ్మల్ని పంపలేను. ఇప్పుడే స్టెంట్ వేద్దాం" అన్నారు డాక్టరు.

"సీడీ ఇచ్చేయండి సార్" అన్నాను. ఎంత మొండితనం!

ఆయన విసుక్కోకుండా పద్మని అద్దాల గదిలోకి పిలిచి అదే చూపించారు. మైకులో ఆవిడ గొంతు వినిపించింది.

"ఏవండీ, నేను చూశాను. దారంలా ఉంది. ఇవాళా రేపూ బందేనట, ఆ ముగ్గురు డాక్టర్లనీ ఎక్కడ పట్టుకుంటారు? నేను సంతకం పెడుతున్నాను. మీరూ సరేననండి."

సరేనన్నాను. కాసేపటికి స్క్రీన్ మీద ఆ సన్నటి చోటు వెడల్పయి రక్తం పారింది. ఎంత సంతోషమేసిందో! కుడివైపు ఇంకో బ్లాక్ ఉందని వినగానే ఆగలేకపోయాను. "అదీ కానిచ్చేయండి సార్, ఒక పనైపోతుంది!"

డాక్టరు నవ్వేశారు. "ఇందాక ఒకటే వద్దన్నారు! అది ఆగుతుంది. ఈ పూటకి డై చాలు, కిడ్నీలు కూడా తట్టుకోవాలి కదా."

ఆయన అన్నట్టే మర్నాడు రక్తపరీక్షలో కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరిగింది. అది దిగేదాకా ఇంటికి పంపలేదు. రెండో స్టెంట్ నెలన్నర తర్వాత వేశారు.

ఇప్పుడు ప్రగతి నగర్‌లో ఉంటున్నాం. పొద్దున్నే చెరువు పక్కన నడుస్తాను, మాత్రలు మానను. మీకు చెప్పేది ఒక్కటే. బ్లాక్ కనబడితే అప్పుడే చేస్తారా, ఆగుతారా, ఎందుకు అని యాంజియోగ్రామ్‌కి ముందే డాక్టర్ని అడగండి. బయట కూర్చునే మనిషిని పక్కన పెట్టుకుని అడగండి. నేను అడగలేదు, పద్మకి వద్దని మాత్రం చెప్పి వెళ్లాను. ఆవిడ నా మాట వినివుంటే ఈ అనుభవం ఆవిడే రాయాల్సి వచ్చేది.