బండి మాట వినే ఉస్తాద్

మా మెకానిక్ ఉస్తాద్ పోయిండని నాకు శుక్రవారం పొద్దున తెలిసింది. ఫోన్ చేసి ఎవరూ చెప్పలే. చేతిల మిఠాయి డబ్బ పట్టుకొని నేనే ఆయన షెడ్డుకు పోయిన. నా బిడ్డకు బడి వ్యాను తోలే కొలువు ఖాయమైందన్న కబురు మొదలు ఆయనకే చెప్పాలని చాయ్ గూడ తాగకుండ ఉరికిన. షెడ్డు షట్టరు సగం దించి ఉన్నది. ముంగట నలుగురు టోపీలు పెట్టుకొని నిలవడ్డరు. పక్క పంక్చరు దుకాణమాయన నా చేతిల డబ్బను చూసి, తెల్లారగట్ల నమాజుకు లేవబోయి అట్లనే ఒరిగిండని మెల్లగ చెప్పిండు. ఆ డబ్బ ఎక్కడ పెట్టిన్నో నాకు యాదికి లేదు.

నేను ఏడో తరగతితోని చదువు ఆపినోణ్ణి. హుస్నాబాద్ నుంచి ముప్పై ఏండ్లు కిరాయి కారు తోలిన. రాసుడు నా పని కాదు. గని ఈ నాలుగు ముక్కలు రాయకుంటే నా పానం నిమ్మళించదు. ఒక్క దినంల నాకు ఇంత సంతోషం, ఇంత దుఃఖం రెండూ వచ్చినయి. ఒకటి చెప్పబోతే ఇంకోటి అడ్డం పడుతుంది. చదివేటోళ్లు జర ఓపిక పట్టుండ్రి.

ఉస్తాద్‌ది మొదలు ఆదిలాబాద్. జిన్నింగు మిల్లులకు పత్తి తెచ్చే లారీల కింద పండుకొని పని నేర్సిండట. కోపమొస్తే మరాఠీల గొణిగేటోడు. పని కుదిరితే ఉర్దూల పాడేటోడు. మాతోని మాత్రం తెలుగే. బ్యాటరీ మీద చెయ్యి పెట్టేముందు చేతి గడియారం తీసి అంగీ జేబుల ఏసుకునేటోడు. ఇప్పిన బోల్టులను తెల్లగుడ్డ మీద ఇప్పిన వరుసలనే పేర్చేటోడు. ఆ గుడ్డను ఎవరన్న దాటిపోతే పని ఆపి వాళ్ల మొఖం దిక్కు చూసేటోడు. ఆ చూపుకే మనిషి చుట్టు తిరిగి పోయేటోడు.

ఆయనకు ఇంకో పద్ధతి ఉండేది. ఎవరన్న వచ్చి ఫలానాది ఖరాబైంది అనబోతే చెయ్యి అడ్డం పెట్టేటోడు. "రోగం నువ్వు చెప్పకు భాయ్. ఏం చప్పుడొచ్చిందో, ఎప్పుడొచ్చిందో అది చెప్పు. రోగం సంగతి బండి చెప్తది" అనేటోడు. ఇగ రేడియో బంద్, ఫ్యాన్ బంద్, మా అందరి నోళ్లు బంద్. బానెట్ మీదికి వంగి, కండ్లు మూసుకొని వినేటోడు.

ఆ పద్ధతి ఆయన ఒక్కసారే తప్పిండు. అది నా మూలంగ.

రెండేండ్ల కిందట క్రిస్మస్‌కు ముందటి ఆదివారం. నా బిడ్డ అప్పుడే కారు లైసెన్సు తెచ్చుకున్నది. ఆరాధన అయినంక చర్చి ముంగట మా బండిల కూసుండి తాళం తిప్పింది. టక్కుమని ఒక్క చప్పుడు, అంతే. మళ్ల తిప్పింది, మళ్ల టక్. తాళం తిప్పంగనే ఇంజన్‌ను మొదటిసారి తిప్పే మోటారును మేం సెల్ఫ్ అంటం. అది తిరుగుతలేదు. సంఘపోళ్లందరు నిలవడి చూస్తుండ్రు. నాకు తల కొట్టేసినట్టయింది. తలుపు తీసి అందరు వినంగ అన్న, "నీ చెయ్యి పడ్డంకనే నా బండికి రోగమొచ్చింది. ఊకె సెల్ఫ్ కొట్టి కొట్టి మోటారు కాలవెట్టినవ్. దిగు."

ఆమె దిగి వెనక సీట్ల కూసున్నది. నలుగురు నూకితే బండి చాలు చేసిన. ఆ దినం నుంచి నా బిడ్డ మా బండి స్టీరింగు ముట్టలే.

తెల్లారి షెడ్డుకు పోతే ఉస్తాద్ ఎప్పటి లెక్కనే చెయ్యి అడ్డం పెట్టబోయిండు. నేను ఆగలే. పిల్ల సెల్ఫ్ కాలవెట్టింది, మోటారు మార్చుమని గట్టిగ చెప్పిన. ఇరవై ఏండ్ల దోస్తానా. పైంగ నేను బండి మీదనే బతికినోణ్ణి. నా మాట తీసెయ్యలేకపోయిండు. ఆ దినం ఫ్యాన్ బంద్ చెయ్యలే, కండ్లు మూసుకోలే. బ్యాటరీ వైరు ఇప్పి, బండి కింద పండుకొని, పాత మోటారు దించి కొత్తది ఎక్కిచ్చిండు. తాళం తిప్పితే ఒక్క దెబ్బకు లేసింది. నేను ఇంటికి పోయి బిడ్డ ముంగట గెలిచినోని లెక్క కూసున్న.

బండి పది దినాలు నడిచింది. పదకొండో దినం మా వాకిట్లనే మళ్ల టక్. ఈ పది దినాలు తాళం తిప్పింది నేనొక్కణ్ణే.

ఫోన్ చేస్తే ఉస్తాద్ నడుసుకుంటనే వచ్చిండు. సంకల సంచి, సంచిల మా పాత మోటారు. వచ్చేముందు దాన్ని కాలి కింద తొక్కిపట్టి, బ్యాటరీ వైర్లు అంటిచ్చి చూసిండట. కాలు కింద నిలువకుండ తిరిగిందట. "ఈ పని మొదలే చెయ్యాల్సింది" అని గొణుగుతుండు. గడియారం తీసి జేబుల ఏసుకున్నడు. నన్ను హెడ్‌లైట్లు వేసి తాళం తిప్పుమన్నడు. మోటారు టక్కుమన్నది గని లైట్ల వెలుగు ఇంత గూడ తగ్గలే. "బ్యాటరీల దమ్మున్నది. కరెంటు పోయేతందుకు తొవ్వ ఉన్నది, మర్లి వచ్చేతందుకే లేదు" అన్నడు. ఒక మందపు వైరు తీసి ఒక కొన బ్యాటరీ మైనస్‌కు, ఇంకో కొన ఇంజన్ ఇనుముకు ఆనిచ్చిండు. నేను తాళం తిప్పిన. వెంటనే లేసింది.

అప్పుడు ఇంజన్ నుంచి బాడీకి పోయే, కరెంటు మర్లి వచ్చే ఎర్తు వైరు బోల్టు ఇప్పి నాకు చూపిచ్చిండు. దాని కింద వెండిరంగు. పండుగకు బండి పెండ్లిపిల్ల లెక్క మెరవాలని బానెట్ లోపలంత నేనే బ్రష్షు పట్టి వేసిన రంగు. బోల్టు ఇప్పి, దాని కింద గూడ వదలకుండ పూసి, మళ్ల బిగిచ్చిన. రంగు మీద వైరు బిగిస్తే కరెంటు ఎట్ల పోతది. మోటారు మార్చేటప్పుడు ఆ వైరు జర కదిలి పట్టు దొరికింది, అందుకే పది దినాలు నడిచింది.

ఉస్తాద్ గరుకు కాయితంతోని ఆ రంగు గీకిండు. కొత్త మోటారు దించి, బాగున్న పాతదాన్నే మళ్ల ఎక్కిచ్చిండు. పని అయినంక చేతులు గూడ కడుక్కోకుండ మా వాకిట్ల నిలవడి నా బిడ్డను పిలిచిండు.

"బేటీ, తప్పు నీది కాదు. మోటారుకు ఏం కాలే. నేను మీ బాపు మాట విన్న, బండి మాట వినలే. నన్ను మాఫ్ చెయ్యి."

తెల్లగడ్డం మనిషి. ఇరవై ఏండ్ల పిల్ల ముంగట నల్లటి చేతులు కట్టుకొని నిలవడ్డడు. నా బిడ్డ కండ్లల్ల నీళ్లు తిరిగినయి. "అట్లనకు చాచా" అన్నది. నేను బండి పక్కన నిలవడి చూస్తున్న. ఆ రంగు నేను వేసిందని మా ముగ్గురికి ఎరుకే. నేను పోయి బానెట్ మూసిన.

గేటు కాడ ఆయన నాతోని మెల్లగ అన్నడు. "నా వంతు నేను చెప్పుకున్న. నీ వంతు ఉన్నది డ్రైవర్ సాబ్. నువ్వు అన్నది పదిమందిల. ఇంట్ల గుసగుస చెప్తే సరిపోదు." చెప్త అన్న.

చెప్పలే. రెండేండ్లు చెప్పలే. షెడ్డుకు పోయినప్పుడల్ల చెప్పినవా అని అడిగేటోడు. వచ్చే ఆదివారం అనేది నేను. "నీకు గూడ ఏడనో బోల్టు కింద రంగున్నది, గీకాలె" అని నవ్వేటోడు. నవ్వుతనే ఇంకో పని చేసిండు. షెడ్డుకు వచ్చిన బండ్లు బాగైనంక నడిపి చూసేతందుకు నా బిడ్డను పిలిచేటోడు. తను పక్కన కూసునేటోడు. మొదలు జీపు, తర్వాత వ్యాను, తర్వాత చిన్న లారీ. ఆ ధైర్యంతోనే ఆమె కరీంనగర్ పోయి పెద్దబండ్ల లైసెన్సు తెచ్చుకున్నది. ఊర్ల బండ్లన్ని తోలింది. మా బండి దగ్గరికి మాత్రం రాకపోయేది. తోలు బిడ్డా అంటే, "నీ బండి వద్దు బాపు" అనేది. కోపంగ గాదు. మంచిగనే అనేది. అదే నాకు ఎక్కువ తాకేది.

శుక్రవారం మధ్యాహ్నం ఉస్తాద్‌ను తీసుకపోయేటప్పుడు నేను గూడ భుజం పట్టిన. ఎవరూ వద్దనలే. బయలెల్లేముందు ఆయన ఇంటామె తలుపు చాటు నుంచి చెప్పింది. ముందటి దినం మాపటికి గూడ డ్రైవర్ సాబ్ బిడ్డకు కొలువు ఏమాయె అని అడిగిండట.

ఆదివారం చర్చిల సాక్ష్యాల వేళ వచ్చింది. మా సంఘంల ఎవరికన్న మేలు జరిగితే లేచి, దేవునికి స్తోత్రం చెప్పి, ఆ మేలు అందరికి చెప్పుకుంటరు. నా పేరు నేను ముందే ఇచ్చుకున్న. జూన్‌ల బడులు తెరిస్తే నా బిడ్డ నలభై మంది పిల్లలను కూసోవెట్టుకొని వ్యాను తోలుతది. ఇంత సంతోషం ఈ వయసుల నాకు దొరుకుతదని నేను ఎన్నడు అనుకోలే. అది చెప్పిన. అందరు చప్పట్లు కొట్టిండ్రు. పాస్టరు అయ్యగారు ఇగ కూసోమన్నట్టు తల ఊపిండు. నేను కూసోలే.

"రెండేండ్ల కింద ఈ చర్చి ముంగట నా బిడ్డ మోటారు కాలవెట్టిందని మీ అందరు వినంగ అన్న. ఆమె కాలవెట్టలే. ఖరాబు చేసింది నేను. ఎర్తు వైరు కింద రంగు పూసింది నేను. తెలిసి గూడ రెండేండ్లు మీకు చెప్పలే. తప్పు నాది" అన్న. ఉస్తాద్ మా వాకిట్ల నిలవడ్డ సంగతి గూడ చెప్పిన. నా బిడ్డ కూసున్న ఆడోళ్ల దిక్కు చూసే ధైర్యం నాకు లేకుండె. చేతిల పాటల పుస్తకం జారి కింద పడ్డది, ఎవరో తీసి ఇచ్చిండ్రు.

బయటికి వచ్చేసరికి నా బిడ్డ మా బండిల డ్రైవర్ సీట్ల కూసుండి ఉన్నది. నా దిక్కు చూడలే. లోపలనుంచి వంగి ఎడమ తలుపు తీసింది. నా బండిల నేను ఆ దిక్కు ఎన్నడు కూసోలే. చేతులు ఎక్కడ పెట్టాల్నో తెలువక మోకాళ్ల మీద పెట్టుకున్న. బస్టాండు మలుపు కాడ ఒక ఆటో అడ్డమొచ్చింది. అక్కడ లేని బ్రేకును నా కుడికాలు గట్టిగ తొక్కింది. ఆమె చూసింది. "నేను తొక్కిన బాపు" అన్నది.

కాలు వెనక్కి తీసుకున్న. ఊరు దాటినంక రోడ్డు మీద సగం దాక వడ్లు ఆరబోసి ఉన్నయి. ఎదురుంగ లారీ వస్తుంది. ఆమె బండి మెల్లగ చేసి, లారీ పోయేదాక ఆగి, ఒక్క గింజ టైరు కింద పడకుండ ఆ వడ్ల అంచు పట్టుకొని పోనిచ్చింది.