ఏడో బెజ్జం

మీరు రాలేదు. ఆదోనిలో ఇంతమంది మిల్లు కార్మికులం ఉన్నాం, ప్రతి సభలోనూ ఐక్యత అని గొంతు చించుకుంటాం. ఎమ్మిగనూరులో మా మామ చనిపోతే ఆదోని నుంచి పాడె వెంట నడిచింది నేనొక్కణ్ణే. "పేకాట మనిషి గదా, పోతే పోయినాడు" అన్నారు మీలో కొందరు. ఆ మాట అన్నవాళ్ళకే ఇది రాస్తున్నాను. అనకుండా విని ఊరుకున్నవాళ్ళకు కూడా.

సోమవారం పొద్దున ఆదోని బస్టాండులో టీ తాగుతున్నాను. ఎమ్మిగనూరు బస్సు కండక్టరు దిగొచ్చి, "మీ మామ పోయినాడప్పా" అన్నాడు. గ్లాసు అక్కడే పెట్టి అదే బస్సు ఎక్కాను.

ఆయన మా అమ్మకు అన్న. మా నాయన మగ్గం వదిలేసి ఆదోనిలో పత్తి గింజలు తీసే జిన్నింగు మిల్లుకు వచ్చాడు. మామ నేతలోనే ఉండిపోయాడు. జకార్డు మగ్గాలకు అట్టలు కొట్టడం ఆయన పని. దుప్పటి మీద ఏ పూవు రావాలో అట్టమీద బెజ్జాలుగా కొడితే, మగ్గం వాటిని బట్టి పోగులు ఎత్తుతుంది. ఒక్క బెజ్జం తప్పితే పూవు కుంటిదవుతుంది. అందుకే ప్రతి అట్టనూ కిటికీ వెలుతురుకు ఎత్తి, ఒక కన్ను మూసి చూసేవాడు. జొన్నరొట్టె పెట్టినా ముందు అట్లాగే ఎత్తి చూస్తాడని అత్త ఎగతాళి చేసేది.

మిగిలిన అట్టతో ఆయన రెండు పేక కట్టలు కోశాడు. ఒకటి ఎమ్మిగనూరు నేతగాళ్ళకు, ఒకటి మాకు. చేతిలో ముక్కలన్నీ ముందు దించుకున్నవాడు గెలిచినట్టు. పైసా పందెం పెడితే ముక్కలు ఎత్తేసుకుని లేచిపోయేవాడు. మామూలు ముక్కలకు తోడు మనుషులు తమ బతుకులోంచి కొత్త ముక్కలు చేర్చుకోవచ్చు. నేతగాళ్ళు "దారం తెగింది", "నూలు రాలేదు" చేర్చారు. మేము "సైరను", "బేలు", "మేస్త్రి" చేర్చాం. మేస్త్రి ముక్క వేసినవాడు ఎదుటివాడి నెత్తిన రెండు ముక్కలు రుద్దవచ్చు. ఆరోది "వాన". అది పడితే అందరూ ఒక ముక్క దించుకోవచ్చు. "ఇది దేవనకొండకు పంపొద్దు మామా, ఆ కరువూళ్ళో ఎంత కలిపినా పడదు" అని మావాళ్ళు నవ్వేవాళ్ళు.

ఒక కట్టుబాటు మాత్రం ఉండేది. కొత్త ముక్క ఏ ఊళ్ళో పుట్టినా, మామ దాన్ని సంచిలో వేసుకుని బస్సెక్కి రెండో ఊరికి తీసుకుపోయేవాడు. అక్కడ ఆడి చూసి ఒప్పుకున్నాకే అది ఆటలోకి వచ్చినట్టు. అప్పుడు రెండు కట్టల్లోనూ, ముక్కలన్నింటికీ అంచున ఒకే చోట ఒక బెజ్జం కొట్టేవాడు. రెండు ఊళ్ళవాళ్ళూ కలిసి ఆడేటప్పుడు ముందు రెండు కట్టలూ ఒకదాని మీద ఒకటి పెట్టి వెలుతురుకు ఎత్తాలి. అన్ని బెజ్జాల్లోంచీ వెలుతురు ఇవతలికి వస్తే ఆట ఒకటే. "ఎవురన్నా వద్దంటే ఎందుకు వద్దో సెప్పల్ల. సెప్పినాక మనం ఇనల్ల" అనేవాడు.

నేను వినలేదు. అప్పటికి ముప్పై ఏళ్ళవాణ్ణి, యూనియన్లో కొత్తగా గొంతు లేచినవాణ్ణి. "సమ్మె" ముక్క రాశాను. అది వేస్తే మేస్త్రి ముక్క చెల్లదు. వేసినవాడు మాత్రం రెండు చుట్లు ఆడకుండా ఆగాలి. మిల్లులో ఈలలు వేశారు. మామ దాన్ని ఎమ్మిగనూరు తీసుకుపోయి, ఒప్పుకోలు లేకుండానే తిరిగొచ్చాడు.

"వాళ్ళు ఒకటి అడిగినారు అల్లుడా. మగ్గం మా ఇంట్లోనే ఉండాది, ఆపితే మా కడుపే గదా ఆగేది, ఆగినోణ్ణి ఎవురు సూస్తారు అని. జవాబు సెప్పు, తీసుకపోతా."

"వాళ్ళు ఇంకా మేలుకోలేదు మామా. వాళ్ళకోసం మనం ఆగాల్నా?"

"అడిగినోడు నిద్రపోతాండాడా?" అన్నాడు.

ఆ వారమే, పత్తి బేళ్ళు కుట్టే దబ్బనంతో మా కట్టకు ఏడో బెజ్జం నేనే పొడిచాను. చుట్టూ చప్పట్లు. ఎమ్మిగనూరు వాళ్ళను అడిగినావా అని మీలో ఒక్కడంటే ఒక్కడు అడగలేదు.

తరువాతి ఆదివారం ఎమ్మిగనూరు బస్టాండు పక్క రేకుల షెడ్డులో కలిశాం. ఒక ముసలి నేతగాడు రెండు కట్టలూ కలిపి ఎత్తాడు. ఆరు చుక్కల వెలుతురు వచ్చింది. ఏడోది చీకటి. "ఇది మా ఆట గాదప్పా. మీరే ఆడుకోండి" అని కట్ట వేరు చేసి చేతిలో పెట్టుకున్నాడు. అంతా లేచి మగ్గాల దగ్గరికి పోయారు. మళ్ళీ కలవలేదు.

ఆ ఎండాకాలమే యజమానులు మిల్లు తలుపులు మూశారు. గేటు ముందు నలభై రోజులు కూర్చున్నాం. ఎమ్మిగనూరు నుంచి వచ్చింది మామ ఒక్కడే, గుడ్డలో రొట్టెలు కట్టుకుని.

"మీ నేతోళ్ళు ఒక్కడన్నా రాలేదే మామా" అన్నాను కసిగా.

"పిలిచినావా?" అన్నాడు.

నేను పిలవలేదు. ఆయన నా పక్కన కూర్చుని రొట్టె సగం తుంచి ఇచ్చాడు. ఓడిపోయి లోపలికి పోయాం. ఆ ఓటమి గురించి ఎన్నో కరపత్రాలు రాశాను. ఈ బెజ్జం సంగతి ఒక్కదాంట్లోనూ రాయలేదు.

ఆ తరువాత ఇన్నేళ్ళూ ఆయన రెండు ఊళ్ళ మధ్యా తిరుగుతూనే ఉన్నాడు. దగ్గు ముదిరి బస్సు ఎక్కలేని దాకా తిరిగాడు. మీ అరుగుల మీద కూర్చుని, ఒక్కసారి నేతోళ్ళతో పోయి కూర్చుందాం రాండప్పా అంటే, పేకాటకు పిలుస్తున్నాడని నవ్వారు. నాకు తీరిక లేదన్నాను.

దహనం అయ్యాక అత్త ఆయన సంచి నా చేతిలో పెట్టింది. అందులో ఎమ్మిగనూరు కట్ట, దానికి కొత్తగా కోసిన ఒక ముక్క. నా సమ్మె ముక్కే. నేను రాసిన మాటల్నే దించి, వాటి కింద వంకర అక్షరాలతో ఒక వరుస కలిపాడు: "ఆగినోని ముక్కల్లో ఒకటి పక్కనోడు మోయల్ల."

వాళ్ళు అడిగిన ప్రశ్నకు జవాబు అది. నేను చెప్పవలసింది.

కట్టను కిటికీకి ఎత్తి చూశాను. ఆరే ఉన్నాయి. బెజ్జాలు కొట్టడమే పనిగా బతికిన మనిషి, చేతిలో ఉలి ఉండి కూడా ఏడోది కొట్టలేదు. రెండు ఊళ్ళూ కూర్చోలేదు గనక.

ఇక నేను అడిగేవి ఇవి.

ఆయన్ను పేకాట మనిషి అన్న మాట వెనక్కి తీసుకోండి.

వచ్చే ఆదివారం ఎమ్మిగనూరు రేకుల షెడ్డుకు రండి. నేతగాళ్ళను నేనే ఇల్లిల్లూ తిరిగి పిలుస్తాను.

ఆనాడు పిలవనందుకు ముందు వాళ్ళు నన్ను తిడితే తిట్టనివ్వండి. అడ్డం రావద్దు.

ఏడో ముక్కను ఆయన కలిపిన వరుసతో ఒక ఆట ఆడి చూడండి. వద్దనేవాళ్ళు ఎందుకో చెప్పాలి. మిగతావాళ్ళు వినాలి.

ఒప్పుకుంటే, ఆ బెజ్జం నేతగాడి చేత్తో పడాలి.

తరువాత రెండు కట్టలూ కలిపి వెలుతురుకు ఎత్తండి. నన్ను చూడనివ్వండి.