ఆదిశేషుగారి కాఫీ మగ్గు

ఆదిశేషుగారు బీరు కాఫీ మగ్గులో తాగుతారు. అమెరికాలోని నోవైలో కార్ల ఇంజనీరుగా రిటైరై, గుడి కమిటీకి ప్రెసిడెంటైన మనిషి గాజు గ్లాసుతో ఎవరి కంటైనా పడితే ఇంకేమన్నా ఉందా! కమిటీ పిక్నిక్‌లో కుర్రాళ్ల కూలర్ల మూతలెత్తి బీరు సీసాలు వెతికేది ఆయనే మరి. రోజూ సాయంత్రం భార్య జానకీదేవిగారికి వాకింగని చెప్పి కారులో బయల్దేరతారు. పబ్బు పక్కనున్న గ్రోసరీ ముందు కారు ఆపి, పబ్బులో కిటికీకి వీపు పెట్టి కూర్చుంటారు. కాలుతున్నట్టు మగ్గులోకి ఉఫ్ అని ఊది, గుక్క వేసి, మీసానికంటిన నురగ చేతిరుమాలుతో తుడుచుకుంటారు.

అద్దె పెరిగి ఆ పబ్బు మూసేయాల్సొచ్చింది. చివరి రోజు ఒక్క గంటే తెరుస్తానన్నాడు ఓనరు డేవ్. ఆదిశేషుగారు బరువెక్కిన గుండెతో లోపలికి వెళ్లేసరికి, కౌంటరు దగ్గర కమిటీ ట్రెజరర్ రఘువీర్ మగ్గులోకి ఉఫ్ అని ఊదుతున్నాడు. పక్కన సెక్రటరీ దమయంతి. వెనకాల మిగతా కమిటీ అంతా. అందరి చేతుల్లోనూ కాఫీ మగ్గులే.

“మీరూ కాఫీకేనా సార్?” అన్నాడు రఘువీర్ నీళ్లు నములుతూ.

“ఇన్నాళ్లూ ఎవరి టైముకి వాళ్లొచ్చేవారు, ఇవాళ అందరూ కలిశారు!” అని ఇంగ్లీషులో మురిసిపోయాడు డేవ్.

ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. ఆదిశేషుగారు గొంతు సవరించుకున్నారు. “గుడిలో ఎప్పుడూ కోరం కుదిరి చావదు. ఇవాళ కుదిరింది, మీటింగ్ స్టార్ట్ చేద్దాం. ఫస్ట్ ఐటమ్, పిక్నిక్‌లో ఆల్కహాల్ బ్యాన్. ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి.”

మగ్గులతో సహా చేతులన్నీ ఒక్కసారే లేచాయి.