చెవి లేని చాయ్ గిన్నెలు

తెల్లవారుతూనే ముసురు పట్టింది. పత్తి పూర్తిగా తడవకముందే ఏరుదామని చేనులో దిగాం. అప్పుడే లక్సెట్టిపేట నుంచి మేనత్త ఫోన్ చేసింది.

"మీ మామ పోయిండు బిడ్డా. జల్ది రా. బట్టీ మండుతుంది."

నేను వెళ్ళేసరికి మామను అరుగు మీద పడుకోబెట్టారు. ఇంటి వెనక రేకుల కింద గిన్నెలు కాల్చే బట్టీ మండుతూనే ఉంది. ముందు రోజు మామే అంటించాడు.

మామది కుమ్మరి ఇల్లు. వయసులో ఉన్నప్పుడు పుదుచ్చేరి దగ్గర కుండల పనికి వెళ్ళి, అక్కడికి వచ్చిన ఒక జపాన్ ఆయన దగ్గర వాళ్ళ చాయ్ గిన్నెలు చేయడం నేర్చుకున్నాడు. తిరిగొచ్చాక, పట్టుకోవడానికి చెవి లేని ఆ గిన్నెలే చేశాడు. "గీ గిన్నెకు చెవేది? మర్చినవా?" అని ఊళ్ళోవాళ్ళు నవ్వేవాళ్ళు.

"రెండు చేతులతోని పట్టుకో. చాయ్ తాగినంతసేపన్న నీ చెయ్యి ఫోన్ మీదికి పోదు" అనేవాడు.

కరీంనగర్‌కు తెచ్చి అమ్మేవాడు, మీలో కొందరి ఇళ్ళల్లో ఆ గిన్నెలు ఉండే ఉంటాయి. బోర్లించి చూడండి, అడుగున పూత ఉండదు. "ఏ మట్టో కనబడాలె" అనేవాడు. ఆ అడుగును బొటనవేలితో తడిమితే గానీ గిన్నెను పక్కన పెట్టేవాడు కాదు.

ఈసారి పత్తికట్టె బూడిదతో, మంటకు కరిగి గాజులా మెరిసే పూత కలిపాడు. ఇంతకుముందు కాల్చినప్పుడు అది కరగక గరుకుగా మిగిలింది. ఇప్పుడు మంట తగ్గితే గిన్నెలన్నీ పోయినట్టే. మళ్ళీ చేసే చెయ్యి లేదు.

మా వైపు చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు. మామ వాళ్ళ అన్న వచ్చి బట్టీ ముందు నిలబడ్డాడు.

"శవం ఇంట్ల ఉంటె పొయ్యి మండుతదా? ఆర్పు బిడ్డా. నలుగురు ఏమంటరు?"

అత్త తుమ్మకట్టె లోపలికి తోస్తూనే ఉంది. "నేను పెట్టలే బావా. ఆయినె పెట్టిండు. ఆయినె పని అయినంక ఆర్పుత."

వాన పెరిగింది. కట్టెల మీద నేను ప్లాస్టిక్ పరదా కప్పాను. పూత కరిగిందో లేదో చూడటానికి మామ లోపల అదే పూత పూసిన కొన్ని మట్టి ఉంగరాలు పెట్టేవాడు. అత్త ఇనుప చువ్వతో ఒకటి బయటికి తీసి, నీళ్ళలో ముంచి చూసింది. గరుకు.

"పాడె కట్టుడు అయింది" అన్నాడు మామ వాళ్ళ అన్న.

"జర ఆగు బావా. ఇంకొక్కటి సూస్త."

మళ్ళీ కట్టెలు వేసింది. అరుగు మీది వాళ్ళు అసహనంగా లేచి నిలబడ్డారు. తర్వాత తీసిన ఉంగరం పలచటి ఆకుపచ్చగా మెరిసింది. చల్లార్చి దాన్ని బావ చేతిలో పెట్టింది. ఆయన బొటనవేలితో తడిమాడు. పాడె దగ్గరికి నడిచాడు.

పొద్దు గూకకముందే మామను తీసుకెళ్ళారు. ముందు మామ వాళ్ళ అన్న, వెనక మేమంతా. గిన్నెలు మెల్లగా చల్లారేలా అత్త బట్టీ నోరు మట్టితో మెత్తి, ఆ మట్టి చేతులతోనే అందరికంటే చివర బయలుదేరింది.